జయపాల్ గారు చూపించిన బందరు

చారిత్రక బందరు పట్టణంలో మా కాలినడక యాత్ర మొదలైన కాసేపటికి, గైడు జయపాల్ గారు వెనక్కి నడుస్తూ సైడు కాలవలో దిగారు. అప్పుడాయన డచ్చివాళ్లు ఈ రేవులో ఎలా దిగారో చెబుతున్నారు. మోకాలిదాకా దిగాక కూడా వాక్యం పూర్తి చేసి, ఆ తర్వాతే చెయ్యందించమన్నారు.

తప్పు ఆయనది కాదు. గైడన్నవాడు అతిథులకు వీపు చూపించకూడదని బెజవాడలో శిక్షణ ఇచ్చారు. వెనక కాలవ ఉంటే ఏం చెయ్యాలన్నది శిక్షణలో లేదు.

శిక్షణ ఇప్పించింది రామకోటేశ్వరరావు గారు. బెజవాడలో ట్రావెల్స్ ఆఫీసు ఆయనది. పోయినేడు మధ్యధరా సముద్రం ఒడ్డున ఏదో పాత ఊరికి వెళ్లి, గొడుగు పైకెత్తి పట్టుకున్న ఒకావిడ వెనక సందులన్నీ తిరిగి, కాళ్లు బొబ్బలెక్కి వచ్చారు. డబ్బులిచ్చి మరీ నడిచే జనం ప్రపంచంలో ఉన్నారన్న సంగతి ఆయన మనసును తాకింది. మనకు మాత్రం సముద్రం లేదా, పాత ఊరు లేదా అనుకున్నారు. బందరు దొరికింది. గొడుగు కూడా కొన్నారు. దాని వెనక నడవడానికి బెజవాడ నుంచి మేం ఓ బస్సెడు మందిమి వెళ్లాం.

ఇక జయపాల్ గారంటారా, ఆయన పాతికేళ్లు ఆ వీధుల్లోనే గ్యాస్ సిలిండర్లు మోశారు. మోకాళ్లు అరిగాయి, బరువులొద్దని డాక్టరు చెప్పాక ఇంట్లో కూర్చున్నారు. ఇంట్లో కూర్చున్న మగాడు రోజుకెన్నిసార్లు టీ అడుగుతాడో తెలిసొచ్చి, భార్య అమలమ్మ గారే ఈ ఉద్యోగానికి అర్జీ పెట్టించింది. ఈ ఒక్క నడక సాఫీగా జరిగితే ఇక ప్రతి శనివారం ఆయనే గైడు. జరక్కపోతే మళ్లీ వంటింటి గుమ్మంలో కుర్చీ. ఆ సంగతి తేల్చడానికి ఆఫీసు నుంచి ధనశ్రీ అనే అమ్మాయి మాతోపాటే నడుస్తోంది.

ఆయన కాలవలోంచి లేచింది సరిగ్గా వాళ్ల పిన్ని తెరేసమ్మ గారింటి ముందు.

“ఏరా జయపాలూ, అంత రోడ్డుండగా అందులో దిగావేంరా?” అంటూ ఆవిడ బకెట్టుతో నీళ్లు తెచ్చింది. కాళ్లు కడిగాక మమ్మల్ని చూసింది. “వీళ్లంతా ఎవరు?”

“టూరిస్టులు పిన్నీ. చరిత్ర చూడ్డానికొచ్చారు.”

“చూద్దురుగానిలే. ఎండనపడి వచ్చారు, కూచోండమ్మా. కాఫీ పెడతా.”

ధనశ్రీ వాచీ చూసుకుంది. మేం కాఫీ తాగాం. బాగుంది.

అసలు చిక్కు కాఫీతో రాలేదు. తాగి బయటికొస్తున్న మమ్మల్ని ఎదురింటి మార్కండేయులు గారు చూడటంతో వచ్చింది. ఆయనది కలంకారీ బట్టల వ్యాపారం.

“ఏమయ్యా జయపాలూ, చరిత్ర అటుపక్క ఇళ్లలోనే ఉందా? పాతికేళ్లు తిన్నగా మా వంటింట్లోకి వచ్చినవాడివి, మెళ్లో గైడు బిళ్ల పడేసరికి మేం కనపడట్లేదేం?”

“అయ్యో, అంత మాటెందుకండీ.”

“మరయితే రా. వాళ్లనీ తీసుకురా.”

మజ్జిగ తాగాం. పనిలో పనిగా దుప్పట్లు కొన్నాం. దాంతో వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడింది. ఒక ఇంట్లో తాగి పక్కింట్లో తాగకపోతే మా కృష్ణా జిల్లాలో దాన్ని నిర్లక్ష్యమంటారు, పెళ్లిళ్లప్పుడు గుర్తుచేస్తారు. కాబట్టి ఒకచోట సోడా, ఒకచోట జంతికలు, ఇంకొకచోట బతిమాలుకుంటే మంచినీళ్లతో సరిపెట్టారు.

గుమ్మానికీ గుమ్మానికీ మధ్య దొరికిన జాగాలో జయపాల్ గారు గొడుగెత్తి తన విధి నిర్వర్తిస్తూనే ఉన్నారు. “పదిహేడో శతాబ్దంలో ఇక్కడికి ఓడలు... ఆ పచ్చ గేటు చూశారూ, వాళ్లకి సిలిండరు రెణ్ణెల్లొస్తదండి, అంత పొదుపు. పక్కింట్లో అల్లుడు దిగాడంటే పదిహేను రోజులే.” ఓడలప్పుడు ఫోన్లు చూసుకుంటున్న మా వాళ్లంతా అల్లుడి దగ్గర తలలెత్తారు.

మా యాత్రలో ముఖ్యంగా చూపించాల్సిన డచ్చి సమాధుల వైపు తిరిగే మలుపు దగ్గర చిట్టచివరి ఇల్లు సంపూర్ణమ్మ గారిది.

ధనశ్రీ ఆయన్ని పక్కకు పిలిచింది. “అంకుల్, ప్లీజ్, ఈ ఒక్క ఇల్లూ వదిలేయండి. ఇక్కడ ఆగితే సమాధులకి టైముండదు. అవి కూడా చూపించకపోతే మీ గురించి నేను ఆఫీసులో ఏం చెప్పను?”

జయపాల్ గారు మలుపు వైపు చూశారు. ఇంటివైపు చూశారు. సంపూర్ణమ్మ గారు అప్పటికే వాకిట్లో కుర్చీలు వేయించేశారు. చాలనివి పక్కింటి నుంచి అడిగి తెప్పించారు. గ్లాసులు పళ్లెంలో వరసగా ఉన్నాయి. ఆవిడ పమిట చెంగుతో ఒక కుర్చీ తుడుస్తూ నిలబడ్డారు.

జయపాల్ గారు గొడుగు మూసేశారు.

నిమ్మకాయ షర్బత్తు. రెండోసారి కూడా పోశారు. గ్లాసులు కింద పెట్టేసరికి, భోజనాల వేళయిందని మా బస్సు డ్రైవరు హారను మోగించడం మొదలుపెట్టాడు. బస్సు మెట్టు మీద నిలబడి ధనశ్రీ అంది, నెమ్మదిగానే:

“పొద్దుటి నుంచి ఇంతమందిని నడిపించి ఒక్క సమాధి చూపించలేదండీ మీరు. ఇలాగైతే ఈ పని మీకెలా ఇమ్మంటారు?”

“డచ్చివాళ్లు మూడొందలేళ్ల బట్టి అక్కడే పడుకునున్నారు, ఇంకో వారం ఆగమన్నా ఏమీ అనుకోరమ్మా; సంపూర్ణమ్మ గారు అనుకుంటారు,” అన్నారు జయపాల్ గారు.