మామకూ నాకూ ఒకే తాడు

ఆ రోజుల్లో పుదుచ్చేరిని ఫ్రెంచి దొరలు ఏలుతుంటే, నన్ను మాత్రం మా మేనమామ ఏలాడు. ఆయన పెంకుల పని మేస్త్రీ, నేను ఆయన చేతికింద సున్నం కొట్టేవాణ్ణి. ఒక్కచోట నిలిచే ఒళ్ళు కాదు నాది. వీధిలో ఎవరు తుమ్మినా తొంగిచూడాలి. అందుకే మామ నాకు 'తొండ' అని పేరు పెట్టాడు. (అమ్మ పెట్టిన పేరు చివరికి అమ్మకే గుర్తులేకుండా పోయింది.)

సముద్రం దగ్గర ఒక దొరగారి రెండంతస్తుల పెంకుటిల్లు. మామ కప్పు కొప్పు మీద, రెండు వాలులూ కలిసేచోట కూచుని పగిలిన పెంకులు మార్చేవాడు. నేను వీధివైపు, పై కిటికీ పక్కన, నిలబడి పనిచేయడానికి గోడకు కట్టిన వెదురు సారవ మీద. పడిపోకుండా మామ ఒక ఉపాయం కనిపెట్టాడు: ఒకే తాడు, ఒక కొస ఆయన నడుముకు, కప్పు మీదుగా రెండో కొస నా నడుముకు.

"ఒకడు జారితే ఇంకొకడు పట్టుకుంటాడు రా."

"ఇద్దరం జారితే మామా?"

"నోరు మూసుకోని సున్నం కొట్టు."

(మామ నిండు బియ్యం బస్తా, నేను ఖాళీ గోనె. ఎవరు ఎవర్ని పట్టుకుంటారో అడగలేదు.) రెండు నిమిషాలకోసారి తాడు లాగేవాడు. "తొండా, ఉండావా?" "ఉండా మామా!"

మూడో రోజు పక్కవీధిలో సిపాయిల బ్యాండు మోగింది. చూడాలంటే సారవ చివరికి పోవాలి, తాడేమో పోనివ్వదు. ముడి విప్పి, మామ లాగితే బిగువు తెలియాలని కొసను కిటికీ ఇనుపకమ్మికి కట్టి, పోయి నిలబడ్డాను. మామ లాగాడు. కమ్మి నాకంటే బుద్ధిగా నిలబడింది. "ఈ రోజు కుదురుగా ఉండావే!" అన్నాడు. నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు, అదీ కమ్మి సంపాదించిపెట్టింది.

అంతలో పెంకులు దడదడా రాలాయి. తాడు కర్రలా బిగుసుకుంది. కొప్పు అవతల, పెరటివైపు నుంచి కేక: "తొండా! జారినాను రా! కాళ్ళు గాల్లో ఉండాయి! గట్టిగా పట్టుకో!"

"పట్టుకున్నా మామా!" అన్నాను, నాలుగు బారల దూరం నుంచి.

"యాడికీ కదలొద్దు!"

అప్పటికే పరుగెత్తుతున్నాను. కమ్మి కిర్రుమంటోంది. రెండు చేతులా తాడు పట్టుకుని వేలాడాను. మామకేమైనా అయితే అత్తకేం చెప్పాలి, బ్యాండు బాగుందనా? పెరట్లో దొరగారి వంటవాడు నిచ్చెన వేసి మామను దింపేదాకా తాడు వదల్లేదు.

మామ వీధివైపు వచ్చి సారవెక్కాడు. కమ్మికున్న ముడి చూశాడు, నా నడుము చూశాడు. "ఇదేందిరా?" చెప్పాను. లెంపకాయ పడింది. తర్వాత కమ్మిని తడిమి, ముడిని లాగి చూశాడు. "నీకే కట్టుంటే, నాతోపాటు నువ్వూ వచ్చుందువు" అన్నాడు మెల్లగా.

మరునాటి నుంచి రెండు తాళ్ళు, రెండూ ఇనుముకే. వీధిలో మాత్రం మేనల్లుడే పట్టుకున్నాడని చెప్పుకున్నాడు. అత్త పాయసం పోసింది. (కమ్మికి పంపలేదు.)

ఇప్పుడు మామ లేడు, నేనే మేస్త్రీని. పని మధ్యలో అలవాటుగా నా కింది కుర్రాళ్ళ తాడు లాగి "ఉండావా?" అంటాను. "ఉండా" అని జవాబొస్తుంది. నమ్మను. నా తాడు సరిచూసుకుని వంగి చూస్తాను. ఎవడో ఒకడు కుదురులేక మెడ తిప్పుతూనే ఉంటాడు. తిట్టబోయి, వాడి ముడి ఇనుముకే ఉందని చూసి, వాడు చూస్తున్న వైపే నేనూ కాసేపు చూస్తాను.