ఎనిమిది నిమిషాల ట్యాంకు

మా బాబాయి కుట్టుమిషన్ల మెకానిక్. దర్జీలంతా ఆయన్ని చెవి మేస్త్రి అనేవారు. మిషను విప్పకుండానే ఒకసారి తొక్కించి, కళ్లు మూసుకుని విని, లోపల ఏది అరిగిందో చెప్పేసేవాడు. ఆ పేరు వింటే పిన్నికి నవ్వు. "చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా ఇంట్లో మాట వినపడదు గానీ, ఎక్కడో ఇనుము గొణిగితే మాత్రం వినపడుతుంది ఈయనకి" అనేది.

ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండేవాడు కాదు. మూతపడిన కలప డిపో ఆవరణలో పదిమంది చేరి రిమోట్ కార్లు నడిపేవారు. బ్యాటరీ బొమ్మలు కావవి. మూరెడు కారులో నిమ్మకాయంత నిజమైన ఇంజను ఉంటుంది. మిథనాలూ నైట్రో కలిపిన ఇంధనం పోసి, తాడు లాగి స్టార్ట్ చేయాలి. స్టార్ట్ చేయడం ఒక ఎత్తు, దాన్ని శ్రుతిలో పెట్టడం ఇంకో ఎత్తు. ఇంధనాన్ని అదుపు చేసే చిన్న సూది మర ఒకటుంటుంది. దాన్ని వదులు చేస్తే ఇంజను పొగ కక్కుతూ బద్ధకంగా నడుస్తుంది. బిగించే కొద్దీ గొంతు లేస్తుంది, వేగం పెరుగుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ బిగించామా, వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. ఆ వెంట్రుకవాసికి ఇవతల ఆగడమే విద్య. అది బాబాయికి పుట్టుకతో వచ్చింది.

ఆయనకు అక్కడ జోడీ మందుల షాపాయన. బాబాయి కంటే పదేళ్లు పెద్ద. బాబాయి ఆయన్ని నోరారా అన్నయ్యా అని పిలిచేవాడు. ఎర్ర కారు ఆయనది. కొనడం, తుడవడం, మురిసిపోవడం ఆయన వంతు. సూది తిప్పడం బాబాయి వంతు. "నేను మనుషులకి చుక్కల్లెక్కన మందు పోస్తాను, మావాడు ఇంజన్లకి పోస్తాడు. వాడి రోగులే నయం, అరువు అడగరు" అని నవ్వించేవాడు.

కార్ల పందెం వారం రోజుల్లో ఉందనగా, ఒక ఆదివారం పొద్దున బాబాయి ట్యాంకు నింపి ఎర్ర కారును వదిలాడు. రిమోటు తనే పట్టుకుని, కార్లు తిరిగే దారి వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక నాలుగడుగుల్లో మడత కుర్చీలో అన్నయ్య కూర్చున్నాడు. రెండు చుట్లు తిప్పడం, కారును కాళ్ల దగ్గరికి రప్పించి సూదిని పిసరంత బిగించడం, మళ్లీ వదలడం. మూడోసారి బిగించాక ఇంజను గొంతులో ఏదో మొదలైంది. ముప్పై ఏళ్లలో అంత శుద్ధంగా పలికిన ఇంజను వినలేదని తరవాత నాకు చెప్పాడు. అప్పుడే వెనక నుంచి మాట వినిపించింది.

"కాస్త ఆపరా. ఒంట్లో ఏదోలా ఉంది."

"ఒక్క నిమిషం అన్నయ్యా. ఇప్పుడే కుదురుతోంది" అన్నాడు బాబాయి, తల తిప్పకుండా.

ట్యాంకు ఖాళీ అయ్యే ముందు ఇంజను ఒక్కసారి కీచుమని అరిచి ఆగిపోతుంది. అలా ఆగాకే బాబాయి వెనక్కి తిరిగాడు. "విన్నావా అన్నయ్యా?" అన్నాడు. అన్నయ్య గడ్డం గుండెల మీదికి వాలి ఉంది. కునుకు తీస్తున్నాడనుకుని, బాబాయి కారు తెచ్చుకోవడానికి దారి మధ్యలోకి వెళ్లి, తీరిగ్గా తిరిగొచ్చాడు.

ఆసుపత్రి వరండాలో డాక్టరును అడిగాడట, ముందే తెస్తే దక్కేవాడా అని. "ఏమో, దక్కేవారేమో" అన్నాడు డాక్టరు. ఆపమన్న మాటా, డాక్టరు మాటా బాబాయి ఎవరికీ చెప్పలేదు. అందరికీ చెప్పింది ఒకటే: "కుర్చీలో కూర్చుని నిద్రలోనే పోయాడు. ఏమీ తెలీలేదు."

ఆ తరవాత కూడా బాబాయి ఆదివారాలు మానలేదు. మానేస్తే ఎందుకని అడుగుతారు కదా. కానీ ఆయన శ్రుతి చేసిన కార్లన్నీ పొగ కక్కుతూ వెనకబడటం మొదలైంది. సూది ఒక హద్దు దాటి బిగించేవాడు కాదు. ఇంజను గొంతు ఆ మెట్టు దగ్గరికి చేరగానే అందులోంచి "కాస్త ఆపరా" అని వినిపించేదట. డిపోలో వాళ్లు ఆయనకి పొగబండి అని కొత్త పేరు పెట్టారు. బాబాయి కూడా నవ్వేవాడు. ఇంట్లో మాత్రం అన్నం తింటూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఉన్నట్టుండి వెనక్కి తిరిగి చూసేవాడు. "ఎవరొచ్చారు?" అని పిన్ని కూడా తిరిగి చూసేది. గోడ తప్ప ఏమీ ఉండేది కాదు.

ఏడాది గడిచాక ఒక సెలవు రోజు మధ్యాహ్నం అన్నయ్యగారి భార్య వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, అందులో ఎర్ర కారు. నేనూ అక్కడే ఉన్నాను, బడి పేపర్లు దిద్దుకుంటూ.

"ఇది మళ్లీ నడుస్తుందేమో చూడు. దీని మోత ఇంట్లో లేక చెవులు బోసిపోయాయి" అందామె.

"చూస్తాను వదినా" అన్నాడు బాబాయి.

లోపలి నూనె జిగురై పిస్టన్ పట్టేసింది. జుట్టు ఆరబెట్టుకునే నా మిషను అడిగి తీసుకుని ఇంజనుకు వేడి గాలి పట్టించాడు. స్క్రూడ్రైవరుతో ఇంజను చక్రాన్ని అటూ ఇటూ మెల్లగా ఆడించాడు. చివరికి టక్కున కదిలింది.

చూస్తూ కూర్చున్న ఆమె అంది: "ఒక్కటే తృప్తి నాకు. నొప్పీ గిప్పీ తెలీకుండా పోయారు. అదీ నువ్వు పక్కనుండగా."

బాబాయి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "తెలిసింది వదినా. ఆపరా అన్నాడు. నేనే ఆపలేదు" అన్నాడు. ఆ తరవాత అంతా చెప్పాడు, డాక్టరు మాటతో సహా. వంటింటి గుమ్మంలో పిన్ని నిలబడిపోయింది. ఆమెకూ అప్పుడే తెలియడం.

వదిన తిట్టలేదు, ఏడవలేదు. ఒక్క మాట అడిగింది.

"ఎంతసేపు?"

"ట్యాంకు అయిపోయేదాకా."

"అంటే?"

"నిండు ట్యాంకు ఎనిమిది నిమిషాలొస్తుంది. ఆయన ఆపమన్నాక ఎంత మిగిలిందో నేను చూసుకోలేదు."

"పద. నాకు అది చూపించు."

ముగ్గురం నా కారులో డిపోకు వెళ్లాం. సెలవైనా ఆదివారం కాదు కాబట్టి ఆవరణలో ఎవరూ లేరు. ఆమె మడత కుర్చీ ఎక్కడ వేయాలో అడిగి మరీ వేయించుకుంది. బాబాయి ట్యాంకు నింపాడు. ప్లగ్గుకు బ్యాటరీ తగిలించి తాడు లాగాడు. నాలుగోసారికి ఇంజను అంటుకుంది, నీలం పొగ లేచింది.

"ఆ రోజు ఎలా నిలబడ్డావో అలాగే నిలబడు. నేను చెప్పేదాకా తిరగొద్దు" అందామె.

బాబాయి ఆమెకు వీపు చేసి నిలబడ్డాడు. కారు పరుగు తీసింది. ఆమె ముంజేతి గడియారం చూస్తూ కూర్చుంది. నేను గేటు దగ్గర ఉండిపోయాను. బాబాయి సూదిని బిగించాడు, మళ్లీ బిగించాడు. ఏడాదిగా దాటని మెట్టును ఆ రోజు దాటాడు. ఇంజను గొంతు సన్నబడి, తీయనై, ఖాళీ షెడ్ల మధ్య సూదిలా సాగింది. ఆయన మెడ నరాలు ఉబ్బడం నాకు కనిపించింది. వెనక్కి తిరగాలని శరీరమంతా లాగుతోంటే బిగపట్టుకుని ఉన్నాడు. ఆమె రెండుసార్లు ఏదో అనబోయి పెదాలు కదిపింది. అందో లేదో ఆ మోతలో నాకు తెలియలేదు. బాబాయికి ఆ సంగతి నేను ఈనాటికీ చెప్పలేదు.

ఎనిమిది నిమిషాలు అంత పొడుగుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు.

ఇంజను కీచుమని అరిచి ఆగింది. బాబాయి తిరగలేదు. తిరగలేకపోయాడు.

"తిరుగు" అందామె.

తిరిగాడు. ఆమె నిటారుగా కూర్చుని ఉంది.

"చాలాసేపు" అంది ఆమె. అంతే. క్షమించానని అనలేదు. కారు చల్లారేదాకా ఆగి, గుడ్డ సంచిలో పెట్టుకుని, నా కారు ఎక్కకుండా నడిచి వెళ్లిపోయింది.

ఆ తరవాతి ఆదివారం నుంచి బాబాయి డిపోకు పోలేదు. పరికరాల పెట్టె, అక్కడ కారు నడిపే టైర్ల షాపాయనకి ఇచ్చేశాడు. రెండేళ్లకు ఆయన కుడి చెవి మందగించింది. పరీక్షకు నేనే తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. పరీక్ష చేసే అమ్మాయి బయటికొచ్చి నాతో, "మేం శబ్దం పంపనప్పుడు కూడా నొక్కుతున్నారండీ, వద్దన్నా మానట్లేదు" అంది. దారిలో బాబాయి, "ఆ గదిలో ఏ చప్పుడూ లేదే అమ్మాయ్, అందుకని మరీ దగ్గరగా వినపడింది" అన్నాడు.

వదిన మళ్లీ ఆ ఇంటి గడప తొక్కలేదు గానీ ఫోను చేస్తుంది. డిపోకు వెళ్లొచ్చిన నెలకు మొదటిసారి చేసింది, ఇంజను మళ్లీ పట్టేయకుండా ఏం చేయాలని. ప్లగ్గు తీసి రెండు చుక్కల నూనె వేసి, చక్రాన్ని చేత్తో పదిసార్లు తిప్పమన్నాడు బాబాయి. అప్పటి నుంచి నెలకొకసారి చేస్తుంది. ఆయన లేచి నిలబడి, ఫోను ఎడమ చెవికి ఆనించుకుని వింటాడు.

"నూనె వేశాను. తిరుగుతోంది" అంటుందామె.

"సరే వదినా" అంటాడు బాబాయి.