అల్లుడుగారు బిగించిన ఫిల్టరు

మా అత్తగారికి దుమ్ము పడదు. పడదంటే రెండు తుమ్ములు తుమ్మి ఊరుకోవడం కాదు, ఛాతీలో పిల్లికూతలు మొదలై మాట మధ్యలో ఆగిపోతుంది. మాదేమో రాజోలు దగ్గర కొబ్బరి మీద బతికే ఇల్లు. పెరట్లో కాయలు వలిచినన్నాళ్లూ పీచు పొడి కిటికీ రెక్కల మీద, మంచాల మీద, ఆఖరికి అన్నం గిన్నె మూత మీద కూడా పేరుకుంటుంది. చీపురు పట్టుకుంటే ఆ పొడంతా లేచి తిన్నగా ఆవిడ ముక్కులోకే పోయేది. అమలాపురం డాక్టరుగారు "ఇంట్లో చీపురు మానెయ్యండమ్మా" అన్నాక వాక్యూమ్ క్లీనర్ కొన్నాం.

ఆ మిషను వచ్చాక ఆవిడ మళ్లీ మనిషయ్యారు. అంతకుముందు వీధి అరుగు దాకా రావడమే గగనం. తర్వాత పొద్దున్నే కాఫీ గ్లాసుతో అరుగెక్కి, వచ్చేపోయే వాళ్లందరి బాగోగులూ కనుక్కునేవారు. ఆవిడకి కబుర్లే ప్రాణం. ఆయాసం వచ్చినప్పుడు కూడా ఊపిరి ఆడలేదని కాదు, మంచి కబురు సగంలో ఆగిపోయిందని బాధపడే మనిషి.

మధ్యలో ఒకసారి ఎలుక మిషను గొట్టం కొరికేసింది. అమలాపురంలో లోకల్ గొట్టం దొరికితే తెచ్చి తగిలించాం. రంగు కాస్త తేడా తప్ప ఇప్పటికీ నిక్షేపంలా ఉంది. లోకల్ సరుకంటే నాకు పగేమీ లేదని చెప్పడానికే ఈ సంగతి.

ఆ తర్వాత ఫిల్టరు పాడైంది. గొట్టం దుమ్మును లోపలికి తెస్తుంది, అంతే. ఆ దుమ్మును లోపలే ఆపి, మంచి గాలిని మాత్రం వెనకనుంచి వదలాల్సింది ఫిల్టరు. కంపెనీది కావాలంటే ఆర్డరు పెట్టి ఎదురు చూడాలి. ఆ మాట ఫోనులో మా ఆడపడుచు చెవిన పడింది, ఆమె ద్వారా వాళ్లాయన చెవిన పడింది. ఆయన్ని నేను అన్నయ్యగారు అంటాను. ఆ ఆదివారమే కె.గంగవరం నుంచి లోకల్ ఫిల్టరు పట్టుకుని దిగారు.

"కంపెనీదని పేరేగానండీ అత్తయ్యగారూ, అన్నీ ఒక్కచోటే చేస్తారు. స్టిక్కరే తేడా," అన్నారు.

"ఆయ్," అన్నారు అత్తగారు. అల్లుడుగారు సూర్యుడు పడమట పొడుస్తాడన్నా ఆవిడ ఆయ్ అనే అంటారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన పంచె ఎగ్గట్టి, నేలమీద మోకాళ్లూని, మిషను విప్పి ఫిల్టరు తన చేత్తోనే బిగించారు. మా వైపు అల్లుడు అత్తవారింట్లో మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తాను తీసుకోడు, అందివ్వాలి. అలాంటిది మోకాళ్ల మీద కూర్చుని దుమ్ము మిషను బాగుచేయడం! అత్తగారి కళ్లు చెమ్మగిల్లాయి. మర్నాటికల్లా ఆ కబురు అరుగు మీద నుంచి వీధి చివరిదాకా పాకింది. "మా అల్లుడుగారు స్వయంగా బిగించేరండీ, చేతులు చూడాలి, బొగ్గే!" అని కనబడ్డ ప్రతివారికీ చెప్పారు.

కొద్దిరోజులకే పిల్లికూతలు మళ్లీ వచ్చాయి. మొదట మంచు వల్ల అన్నారు. తర్వాత పక్కింటివాళ్ల సాంబ్రాణి అన్నారు. చివరికి నా పోపు ఘాటు అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా లేని ఘాటు నా పోపుకి ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?

ఒకరోజు పొద్దున్న మిషను తిప్పుతుంటే తూర్పు కిటికీలోంచి ఎండ పడింది. ఆ వెలుతురులో కనబడింది అసలు సంగతి. ముందు పీల్చిన పొడి వెనకనుంచి సన్నగా బయటికొస్తోంది. విప్పి చూస్తే ఫిల్టరు అంచుకీ మిషనుకీ మధ్య గోరు దూరేంత సందు. చీపురైతే ఉన్న దుమ్మును ఉన్నట్టే లేపుతుంది. ఇది మెత్తగా జల్లించి మరీ గాల్లోకి వదులుతోంది.

మావారికి చూపించాను. "నిజమే. కానీ బావగారు ఏమనుకుంటారు?" అన్నారు.

అత్తగారికి చెప్పాను. "అల్లుడుగారు చేత్తో పెట్టింది పీకేస్తామా అమ్మా? రేపాయనొచ్చి చూస్తే... నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నారు. ఆ రెండు మాటల మధ్య ఆగి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది ఆవిడకి.

ఆ వారంలోనే ఆవిణ్ణి కారులో అమలాపురం తీసుకెళ్లి, ముక్కుకి మాస్కు పెట్టించి మందు పట్టించాం. మాస్కు మీదనుంచి ఆవిడ కళ్లు నన్నే చూస్తున్నాయి. నాకు చాలా భయం వేసింది, ఆ భయం వెనకే కోపం వచ్చింది. మర్యాద కోసం మనిషిని పోగొట్టుకుంటామా? ఆసుపత్రి వరండాలో నిలబడే ఫోను తీసి కంపెనీ ఫిల్టరుకి ఆర్డరు పెట్టేశాను. ఎవరినీ అడగలేదు.

అది వచ్చాక అత్తగారు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. "అల్లుడుగారు వచ్చిన రోజు మాత్రం ఆయనదే ఉండాలి." సరేనన్నాను. కొత్తది గాడిలో పెట్టి నొక్కగానే టక్కుమని కూర్చుంది. ఆ చప్పుడుకే నా ప్రాణం సగం కుదుటపడింది. మిగతా సగం, ఆవిడ మళ్లీ కాఫీ గ్లాసుతో అరుగెక్కిన రోజున కుదుటపడింది. లోకల్ ఫిల్టరును మాత్రం నాచేత కడిగించి, ఎండబెట్టించి, కవర్లో చుట్టి బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టుకున్నారు.

ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఫోను చేసింది. "ఈయన బయల్దేరి చాలాసేపైందొదినా, వచ్చేస్తూ ఉంటారు." అల్లుడు చెప్పకుండా వస్తే ఏ ఇంట్లోనైనా ముందు వంటింట్లోకి పరిగెడతారు. మేం బీరువా దగ్గరికి పరిగెత్తాం. ఆ పొద్దున్నే దులిపి పెట్టిన కంపెనీ ఫిల్టరును ఊడదీసి అత్తగారి చేతిలో పెట్టి, లోకల్‌ది బిగించి మూత వేస్తుండగానే గేటు చప్పుడైంది. దాచే చోటు తోచక ఆవిడ చేతిలోదాన్ని ఒళ్లో పెట్టుకుని, పైన కొంగు కప్పుకుని కుర్చీలో కూలబడ్డారు.

అన్నయ్యగారు మంచినీళ్లయినా ముట్టకుండా మిషను దగ్గరికి వెళ్లి మూత తీశారు. తను పెట్టిన ఫిల్టరును చూసి మొహం వాడిపోయింది.

"ఇంకా ఇదే వాడుతున్నారాండీ?"

"ఆయ్. బ్రహ్మాండంగా ఉందండీ," అన్నారు అత్తగారు.

ఆయన సంచిలోంచి ఒక డబ్బా తీశారు. అందులో కంపెనీ ఫిల్టరుంది. "మీరు నన్ను క్షమించాలండీ అత్తయ్యగారూ. మా ఇంట్లోనూ ఆ లోకల్‌దే పెట్టేను. మీ అమ్మాయికి ఒకటే తుమ్ములు. నేను బిగించేనని తను మొహమాటపడి చాన్నాళ్లు నాకు చెప్పలేదు. అది తెలిసి అక్కడ మార్చేనుగానండీ, అంత గొప్పగా చెప్పి బిగించేనుకదా, మీకు చెప్పడానికి నోరు రాలేదు. మీరు ఆసుపత్రికెళ్లేరని నిన్న తెలిసిందండీ. రాత్రంతా నిద్రపట్టలేదు," అన్నారు.

మావారు నావైపు చూశారు. నేను అత్తగారివైపు చూశాను. ఆవిడ మెల్లగా కొంగు పక్కకి తీశారు. అన్నయ్యగారు ఆవిడ ఒళ్లో ఉన్నదాన్ని చూశారు, తన చేతిలో ఉన్నదాన్ని చూసుకున్నారు. ముందు నవ్వింది ఆయనే. ఆ వెంటనే అత్తగారు అందుకున్నారు.

ఆవిడ నవ్వు ఎప్పుడూ సగంలో దగ్గులోకి దిగిపోతుంది. అలవాటుకొద్దీ నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, నిండుగా ఊపిరి తీసుకుని, "అల్లుడుగారు స్వయంగా..." అని ఏదో అనబోయి మళ్లీ నవ్వారు. దగ్గు రాలేదు. ఇంకాసేపు చూశాను. ఆ నీళ్లు నేనే తాగేశాను.