సేటుగారు పోయిన వేళ

సేటుగారు పోయారని అందరికీ ఫోన్లు చేసింది నేనే. అబిడ్స్‌లో మా దుకాణం పక్కవాళ్ళకి, పంచాంగాలు వేసే ప్రెస్సువాళ్ళకి, ఏటా ఉగాదికి తప్పకుండా వచ్చే పాత గిరాకీలకి. ఎవరికి చెప్పినా ముందు అయ్యో అన్నారు. ఆ వెంటనే "ఎన్ని గంటలకి?" అని అడిగారు. వేరే ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఏ నాలుగోదో అయిదోదో అవుతుంది. మా దుకాణంతో సంబంధం ఉన్నవాళ్ళకి అది రెండోది. అడిగిన ప్రతి ఒక్కరికీ పదకొండుంపావు అని చెప్పాను.

ఆ పదకొండుంపావు నన్ను ఇప్పటికీ నిలవనీయడం లేదు. కానీ మా బజారువాళ్ళు రాయమన్నది ఆయన గురించి, నా గుండెదడ గురించి కాదు. కాబట్టి ముందు ఆయన గురించే చెబుతాను.

నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు పనిచేశాను. అందరూ సేటు అనేవారు. నేను బాబాయిగారూ అనేదాన్ని. దుకాణం ముందు భాగంలో అద్దాల అరల నిండా రాశుల సామాను: తేలు బొమ్మ కీచైన్లు, ఎండ్రకాయ బొమ్మ కప్పులు, తులా రాశి లాకెట్లు, ఇత్తడి సింహాలు. వెనక అరల్లో పుస్తకాలు: పంచాంగాలు, జాతకం నేర్పేవి, ఏటేటా వచ్చే రాశిఫలాలు. కాలేజీ అమ్మాయిలు వచ్చి ఫ్రెండు పుట్టినరోజుకి సింహ రాశి కప్పు కావాలంటే ఆయన కళ్ళజోడు మీదనుంచి చూసి, "ఇంగ్లీషుదా, మనదా?" అని అడిగేవారు. పుట్టిన తేదీని బట్టి ఒక రాశి, నక్షత్రాన్ని బట్టి ఇంకొకటి, ఏమీ తెలియకపోతే పేరులో మొదటి అక్షరాన్ని బట్టి మరొకటి. వాళ్ళు తెల్లమొహం వేసేవారు. "మూడిట్ల ఏది మంచిగుంటె గది తీస్కోన్రి" అనేవారు ఆయన.

ఆ కప్పుల డబ్బాల్లో కంపెనీవాళ్ళు చిన్న కాగితం మడిచి పెడతారు. ఈ రాశివాళ్ళు మొండివాళ్ళు, ఈ రాశివాళ్ళకి అసూయ ఎక్కువ, ఇలా. రంగు కాగితం చుట్టే ముందు ఆయన దాన్ని తప్పకుండా బయటికి తీసేసేవారు. ఎందుకండీ అని ఒకసారి అడిగాను. "బొమ్మ ఇయ్యొచ్చు బిడ్డా, గుణం ఇయ్యొద్దు. పుట్టినరోజు పొద్దుగాల ఆ పోరి నాకు అసూయ ఎక్కువనట అని ఏడుస్తది." ఆ కాగితాల వెనకవైపు తెల్లగా ఉండేది. మేమిద్దరం వాటి మీదే సరుకుల చిట్టీలు రాసుకునేవాళ్ళం.

నాకు భయం ఎక్కువ. ఈ మాట సిగ్గుపడి చెప్పడం లేదు, చత్వారం ఉందని చెప్పినట్టే చెబుతున్నాను. రాహుకాలం, వర్జ్యం చూడకుండా కూరగాయలకి కూడా వెళ్ళను. అసలు ఆ దుకాణానికి నేను మొదట వెళ్ళింది గిరాకీగానే. మావారి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులు, మా అమ్మాయి పదో తరగతి. రాశిఫలాల పుస్తకాలు మూడు తీసి కౌంటరు మీద పెట్టాను.

"ఇండ్ల నీది ఏది?" అన్నారాయన.

"ఇదండీ, కన్య. ఇది మావారిది, ఇది మా అమ్మాయిది."

ఆ రెండూ తీసి వెనక్కి పెట్టేశారు. "వాళ్లను రమ్మను. ఎవరిది వాళ్లకే ఇస్త."

"వాళ్ళకి ఇలాంటివి పట్టవండీ."

"పట్టనోళ్లది నువ్వు చదివి ఏం జేస్తవ్? నిద్ర చెడగొట్టుకుంటవ్, గంతే."

ఒళ్ళు మండింది. అమ్మేవాడికి ఇంత పొగరేమిటి అనుకుని సుల్తాన్ బజార్ వెళ్ళి అవే పుస్తకాలు కొనుక్కున్నాను. మూడు రోజులు నిద్ర లేదు. నాలుగో రోజు మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళాను. ఆయన నా మొహం చూశారు. చాయ్ తెప్పించి, అట్ట చిరిగిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. రెండేళ్ళ కిందటిది.

"మీ ఆయన రాశి చదువు."

చదివాను. వాహన ప్రమాదం, ఉదర వ్యాధి, బంధువులతో విరోధం, స్థానచలనం, అగ్నిభయం.

"గిండ్ల ఎన్ని అయినయి?"

ఆలోచించాను. "బంధువులతో విరోధం అయిందండీ."

"గది పుస్తకం లేకున్నా అయితది." ఆయన నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది, నాలుగు రోజుల్లో మొదటిసారి.

ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో ఆయన వెతికేది వీటికోసమే. గడిచిపోయిన ఏళ్ళ పంచాంగాలు, రాశిఫలాలు. అమ్మేవాళ్ళు చిత్తుకాగితాల్లో వేయబోయేవాటిని ఏరుకొచ్చి కౌంటరు కింద పెట్టుకునేవారు. భయపడుతూ వచ్చినవాళ్ళకి కొత్తది ఇచ్చేముందు పాతది చదివించేవారు. "గిన్ని గండాలు దాటి వచ్చి గీడ కూసున్నవ్. గది జర యాది పెట్టుకో." ఆ తర్వాత కొత్తది అడిగితే ఇచ్చేవారు. చాలామంది అడిగేవారు కాదు. వ్యాపారం అలా చేస్తారా ఎవరైనా?

నన్ను పనిలో పెట్టుకున్నప్పుడు కూడా కారణం దాచలేదు. "భయపడేటోళ్ల మొకం నీకు జల్ది గుర్తువడ్తది. నాకు ఇయ్యాల రేపు కండ్లు సరిగ కనవడ్తలేవు." మా తాతగారు గుంటూరు నుంచి యాభై ఆరులో ఇక్కడికి గుమస్తాగా వచ్చారు. ఇన్నేళ్ళయినా మేం 'అండీ, అండీ' అంటామని ఆయన రోజూ ఏడిపించేవారు.

ఆయన పుస్తకాల్ని ఎగతాళి చేసే మనిషి మాత్రం కాదు. ఏకాదశి తప్పేవారు కాదు. రాహుకాలంలో షట్టరు ఎత్తేవారు కాదు. "నమ్మెటోడే అమ్మాలె. భయపెట్టెటోడు అమ్మొద్దు" అనేవారు. ఈ సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆయన ఏమీ నమ్మని మనిషైతే నాకు ఇప్పుడింత భయం ఉండేది కాదు.

ఒక వాన మధ్యాహ్నం ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, గుండు చేయించుకుని ఉన్నాడు. తండ్రి ధనిష్ఠా నక్షత్రంలో పోయాడట. ఆ నక్షత్రంలో చావు జరిగితే ఆ ఇల్లు ఆరు నెలలు తాళం వేయాలని, లేకపోతే ఇంట్లోవాళ్ళకి కీడని పెద్దలంటారు కదా. దానికి మినహాయింపు ఏమైనా ఉందేమో చూడ్డానికి పుస్తకం కావాలన్నాడు.

"మీ అమ్మ ఉన్నదా?" అని అడిగారు బాబాయిగారు.

"ఉన్నది."

"ఇల్లు మూస్తె అమ్మ ఏడుంటది?"

అతను లెక్క చెప్పబోయాడు. అక్క ఇంట్లో కొన్నాళ్ళు, మేనమామ ఇంట్లో కొన్నాళ్ళు, తర్వాత చూడాలి.

"ముందుగాల అమ్మ ఏడ పండుకుంటదో చూసి రా. పుస్తకం యాడికి పోదు."

అతను మళ్ళీ రాలేదు. ఆ ఏడాదంతా బాబాయిగారు నన్ను అడుగుతూనే ఉన్నారు, ఆ గుండు పిలగాడు వచ్చిండా అని.

కిందటి చలికాలం నుంచి ఆయన మంచం దిగలేదు. నాంపల్లి స్టేషను వెనక సందులో కింది వాటా, నలభై ఏళ్ళుగా అదే కిరాయి ఇల్లు. రోజూ పొద్దున నేను వెళ్ళి ఆ రోజు పంచాంగం చదివి వినిపించి, తాళంచెవులు తీసుకుని దుకాణానికి వెళ్ళేదాన్ని. ఆయన భార్యని పిన్నిగారూ అంటాను. ఆవిడకి రెండు మోకాళ్ళూ పోయాయి. మెట్టు ఎక్కలేరు, దిగలేరు. ఒక్కడే కొడుకు కాచిగూడలో ఉంటారు, నాలుగో అంతస్తు, రెండు గదులు, లిఫ్టు లేదు. ఇంటి ఓనరు ఆ కింది వాటా ఎప్పుడు ఖాళీ అవుతుందా అని రెండేళ్ళుగా చూస్తున్నాడు. ఒక్కసారి తాళం పడితే మళ్ళీ తీయనిస్తాడన్న ఆశ ఎవరికీ లేదు.

ఆ శుక్రవారం పొద్దున కూడా చదివాను. శ్రవణా నక్షత్రం పదకొండు ఇరవై ఆరు వరకు, తరువాత ధనిష్ఠ. ఆయన "ఔ" అన్నారు. ఊపిరి బరువుగా తీస్తున్నారని నేను కదల్లేదు.

"దుకాణం తెరువవా?"

"పన్నెండు దాటాక తెరుస్తానండీ. ఇప్పుడు రాహుకాలం."

"నాకంటె ముదిరినవ్" అన్నారు. నాతో అన్న ఆఖరి మాట అది. కాసేపటికి ఊపిరి తీరు మారింది. పిన్నిగారు చెంచాతో తులసి నీళ్ళు పోశారు. ఒకటి లోపలికి వెళ్ళింది. రెండోది పెదవి పక్కనుంచి కారిపోయింది. అలవాటు ఎక్కడికి పోతుంది, నా కళ్ళు గడియారం మీదికి వెళ్ళాయి. పదకొండు నలభై.

కొడుక్కి ఫోన్ చేశాను. బంధువులు వచ్చారు. పంతులుగారు వచ్చారు. గదిలో అందరూ ఉండగా, "అమ్మా, ప్రాణం పోయింది సరిగ్గా ఏ సమయానికి?" అని అడిగారు. అప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్లలో నక్షత్రం చూస్తున్నారు. ఒకదానిలో పదకొండు ఇరవై, ఇంకోదానిలో పదకొండు ముప్ఫై అయిదు. పిన్నిగారు ఆయన పాదాల దగ్గర తల దించుకుని కూర్చున్నారు. ఆ గుండు మనిషి చెప్పిన లెక్క చెవిలో పడ్డట్టయింది. అక్క ఇంట్లో కొన్నాళ్ళు, మేనమామ ఇంట్లో కొన్నాళ్ళు.

"పదకొండుంపావు" అన్నాను.

ఎవరో అనుమానంగా చూశారు. ఫోన్ వచ్చింది పన్నెండుకి పది తక్కువకి కదా అన్నారు. కాళ్ళూ చేతులూ ఆడలేదండీ అన్నాను. అప్పుడు బాబాయిగారి తమ్ముడే నన్ను కాచాడు. "ఆమె చెప్పిందంటె గంతే. గడియారం చూడంది మంచినీళ్లు గూడ తాగదు."

పంతులుగారు పంచాంగం తిప్పి, "శ్రవణమే. ఇంటికి దోషం లేదు" అన్నారు. గది అంతా ఊపిరి పీల్చుకుంది, నేను తప్ప.

పదకొండేళ్ళ నా భయం ఆ ఒక్క మాటకి సాక్ష్యం చెప్పింది. భయస్థురాలు వేళ విషయంలో అబద్ధమాడుతుందని ఎవరనుకుంటారు? నేనూ అనుకోలేదు. ఆ రాత్రి నుంచి మొదలైంది. ఆరో రోజున కొడుకు స్కూటరు మీదనుంచి జారితే మోచెయ్యి గీరుకుపోయింది. నావల్లే అనుకున్నాను. పదమూడో రోజుకి బాబాయిగారి మనవరాలికి జ్వరం, నూట మూడు. రక్తపరీక్షలు చేయించారు. నేను స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చాను. కౌంటరు కింది పాత పంచాంగం తీసి చదివాను. ధైర్యం రాలేదు. అది ఆయన చేత్తో ఇస్తేనే పనిచేసేదేమో. బాబాయిగారూ, నేను చేసింది తప్పా అని అడగడానికి ఉన్న ఒక్క మనిషీ ఆయనే. ఆయనైతే ఏమనేవారో నాకు నిజంగా తెలియదు. తిట్టినా తిట్టేవారు.

పదహారో రోజు పొద్దున పరీక్షలు బాగానే వచ్చాయని, జ్వరం దిగిందని కొడుకు ఫోన్ చేశారు. సంతోషించాల్సింది పోయి, ఈసారి దాటింది, వచ్చేసారి ఏమిటి అని వణికాను. ఇక మోయలేక మధ్యాహ్నం నాంపల్లి వెళ్ళాను. పిన్నిగారు ఒక్కరే ఉన్నారు, మంచం మీద కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. పక్కన కూర్చుని నేనూ నాలుగు తీశాను. తర్వాత చెప్పేశాను.

"పిన్నిగారూ, ఆ రోజు నేను చెప్పిన టైము నిజం కాదండీ."

"ఎరుకే" అన్నారావిడ. చేతులు ఆగలేదు. "పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువుండె."

నేను తీస్తున్న కాయ పక్కన పెట్టేశాను.

"పొద్దుగాల నువ్వు చదివింది నేను గూడ ఇన్న గద బిడ్డా. నీళ్లు కారిపోంగనే గడియారం దిక్కే చూసిన. యాభై ఏండ్ల మొగడు పోతుంటె మొకం చూడాలె, నేను గడియారం చూసిన. పంతులు నన్నే అడుగుతడని తల వంచుకొని కూసున్న. అడిగితె ఏం చెప్తునో నాకే తెల్వదు. నువ్వు చెప్పినవ్."

ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"భయమైతుందా?" అని అడిగారు.

"అవుతోందండీ. రోజూ."

"నాకు గూడ. పిల్లకు జరమొచ్చినంక మూడు దినాలు నేను అన్నం ముట్టలే." ఇంకో చిక్కుడుకాయ అందుకుని, "బజారోళ్లు రాయమన్నరంట గద. ఇది గూడ రాయి. ఎవరన్న అడగనీకె వస్తె నా తాన్కి పంపు. నీ ఒక్కదాని మీద ఎందుకు?" అన్నారు.

అందుకే రాశాను. చదివి ఎవరైనా ఆ ఇంటికి తాళం వేయమంటారేమో అని భయపడుతూనే రాశాను. ఇంకా భయపడుతున్నాను.

చాయ్ పెడతానని ఆవిడ లేచారు. నేను పెడతానన్నా వినలేదు. ఎడం చెయ్యి గోడకి ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తూ వంటింటివైపు నడిచారు. ఆ గోడ మీద మంచం దగ్గర నుంచి వంటింటి గుమ్మం దాకా నడుము ఎత్తున ఒక చార ఉంది, సున్నం మీద నున్నగా, మాసిపోయి. ఇన్నేళ్ళుగా ఆవిడ అరచెయ్యి రాసుకుని రాసుకుని పడ్డ చార. ఆవిడ కిందికి చూడలేదు, గోడవైపూ చూడలేదు. చెయ్యి దాని మీదే జారుకుంటూ వెళ్ళింది.