మసి వదిలిన కాగు

మొన్న భోజనాల వేళ మా మేనల్లుడు, అమలాపురంలో ప్లీడరీ చేస్తున్నవాడు, తన కేసులోని సాక్ష్యమంతా వేలిగోరంత మెమరీ కార్డులో ఉందని, దొంగ గోడ దూకడం మొదలు మూట భుజాన వేసుకొని పోవడం దాకా అందులో కదులుతూ కనబడుతుందని, ఇక సాక్షులతో పనేముందని ఉత్సాహంగా చెబుతుంటే, నేను మజ్జిగ కలుపుకుంటూ విన్నాను. అతడు వెళ్ళిన తరువాత, పలకరించే మనిషి లేని ఈ ఇంట్లో, నా ఉద్యోగపు తొలినాళ్ళనాటి గది ఒకటి కళ్ళముందు నిలిచింది.

కోనసీమలోనే ఒక చిన్న కోర్టులో కేసుల సొత్తు భద్రపరిచే గుమాస్తాగా ఉండేవాణ్ణి. పోలీసులు పట్టుకొచ్చిన ప్రతి వస్తువూ మెడకో పిడికో చీటీ కట్టించుకొని, తీర్పు వచ్చేదాకా నా తాళం కింద ఉండేది. కొడవళ్ళు, చక్రం లేని సైకిలు, తెగిన వల, ఎవరిదో ఒంటిచెప్పు. చెట్ల నుంచి కాయల దింపు దగ్గర పుట్టిన ఒక తగవులో వచ్చిన కొబ్బరికాయలైతే వాయిదాల మీద వాయిదాలు పడి, ఆ చీకట్లోనే మొలకెత్తి, పారవేసే అధికారం ఎవరిదో తేలక, కిటికీ వైపు ఆకులు చాచి నిలిచాయి. అప్పటికే నా భార్య కాలం చేసింది. అద్దెగదికి పోయి చేసేదేమీ లేక సాయంత్రం దాకా ఆ వస్తువుల మధ్యనే కూర్చొనేవాణ్ణి. ఎవరో వచ్చి తమవని చెప్పేదాకా నోరెత్తకుండా కనిపెట్టుకొని ఉండే వాటి స్థితికీ నా స్థితికీ ఏదో చుట్టరికం తోచేది.

ఆ గదికి ఒకనాడు ఒక రాగి కాగు వచ్చింది. ముక్తేశ్వరం దగ్గరి తోటలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలు స్నానానికి నీళ్ళు కాచుకొనే కాగు అది. ఏళ్ళ తరబడి కొబ్బరిమట్టల మంట మీద కాగి కాగి, వెలుపల మసి పొరలు పొరలుగా పేరుకొని, రాగి అన్న జాడే లేకుండా ఉండేది. పిల్లలు లేని ఆమెకు అత్తవారింటి గుర్తుగా మిగిలింది అదొక్కటే. దాన్ని దొంగిలించి అమ్మబోతున్నాడని పాత సామాన్ల దుకాణం దగ్గర పట్టుబడిన యువకుడేమో అది తన సొంతమని వాదించాడు. ఆమె కోర్టులో గుర్తుపట్టి చెబితే కాగు ఆమెకు, లేకుంటే అతడికి.

విచారణకు ముందు జిల్లా జడ్జిగారి తనిఖీ వచ్చిపడింది. శుభ్రత అంటే ప్రాణం పెట్టే మా అటెండరు, నేను పనిమీద పొరుగూరు వెళ్ళి వచ్చేలోగా, చింతపండూ ఇటుకపొడీ వేసి ఆ కాగును తళతళలాడేటట్లు తోమి, చీటీ మళ్ళీ కట్టి, అరమీద బోర్లించాడు. నేను నిర్ఘాంతపోతే, "దొరగారు ఆ మసి చూస్తే మన పరువేం కావాలండి?" అన్నాడు. మేజిస్ట్రేటుగారికి విన్నవించాను. ఆయన నుదురు కొట్టుకొని, మసి తిరిగి పూయలేము గదా అన్నారు.

విచారణనాడు ఆమె బోనులో నిలబడి కాగును చుట్టూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపింది.

"మాది కాదండి బాబూ. మాది నల్లగా ఉంటదండి. ఇది పెళ్ళికూతురిలాగుంది."

అందరూ నవ్వారు. మేజిస్ట్రేటుగారు జరిగినది వివరించి, మళ్ళీ చూడమన్నారు.

"అయ్యుండొచ్చండి. కానీ ప్రమాణం చేయించేరు కదండీ, తెలీనిది తెలుసునని ఎలా చెప్పమంటారు?"

మీ ఇంట్లో ఈ కాగును చూసి ఎరిగినవారు ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన అడిగారు.

"ఉండేవారండి. మా అత్తగారు, మా ఆయన, పక్కింటి వదినగారు. అత్తగారూ ఆయనా పోయేరండి. వదినగారు ఊరొదిలి వెళ్ళిపోయేరు. ఇప్పుడు నేనేనండి."

ముద్దాయి తరఫు వకీలు చిరునవ్వుతో కాగితాలు సర్దుకుంటున్నాడు. అంతలో ముద్దాయి లేచి నిలబడ్డాడు.

"అత్తయ్యగారిదేనండి అది."

వకీలు అతడి చొక్కా పట్టి లాగాడు. అతడు కూర్చోలేదు.

"అంచు కింద సొట్ట ఉంటదండి. చిన్నప్పుడు నూతిగట్టు మీంచి నేనే దొర్లించేసేను. అందులో నీళ్ళతోనే అత్తయ్యగారు నాకు తలంటేవారు."

ఆమె కళ్ళజోడు పైకి తోసుకొని అతడి ముఖంలోకి చూసింది.

"ఒరేయ్, వదినగారి చిన్నోడివా? ఇంత గెడ్డం పెంచేస్తే ఎలా తెలుస్తాదిరా! అడిగితే ఇవ్వనా నేను? మీ అమ్మెలా ఉందిరా?"

"పోయిందండి. నిరుడు."

కోర్టు అన్న సంగతి మరచి ఆమె బోనులోనే చతికిలబడింది.

కోర్టు లేచేవరకు అక్కడే కూర్చొని ఉండాలన్నదే అతడికి పడిన శిక్ష. ఆమె కూడా ఇంటికి పోక, వెనక బల్లమీద అతడి పక్కన కూర్చుంది. పోయిన మనిషిని గురించి ఇద్దరూ గొణుగుకుంటూనే ఉన్నారు. గుసగుసను సైతం సహించని మేజిస్ట్రేటుగారికి ఆ మధ్యాహ్నం చెవులు వినబడలేదు. సాయంత్రం నేను చీటీ విప్పి కాగు అప్పగిస్తే, అతడే దాన్ని భుజాన వేసుకొని ఆమె వెనుక బస్సు దగ్గరికి నడిచాడు. నేను గదికి తాళం వేసుకొని హోటలుకు పోయాను.

ఇప్పటి కార్డులోనైతే కాగు భుజాన వేసుకొని పోతున్న ఒక దొంగ స్పష్టంగా కనబడి ఉండేవాడు. అబద్ధమేమీ లేదు, మేనల్లుడి మాట నిజమే, ఇంకెవరినీ పిలిచి అడగనక్కరలేదు. అయినా ఆ రోజు మేజిస్ట్రేటుగారు అడిగిన ప్రశ్న నన్ను విడిచిపోలేదు. ఈ ఇంట్లో మిగిలిన వస్తువులను నా భార్య వాడుతుండగా చూసి ఎరిగినవారు ఇంకెవరున్నారో అని లెక్కపెట్టబోయి, పసితనంలో ఆమె చేతి ముద్ద తిన్న మేనల్లుడి పేరున ఒక వేలు మడిచాను. రెండో వేలు అలాగే చాచి, దానికొక పేరు కోసం చాలాసేపు కూర్చున్నాను.