గొంతు తగ్గించిన ఈరవ్వ

ఎల్లారెడ్డిలో బట్టలు కుట్టే ఈరవ్వ మాట్లాడితే వీధి చివరిదాకా వినిపించేది. ఆమె దరఖాస్తు పెట్టుకుంటే, ఇంట్లో దెబ్బలు తిన్న ఎనిమిదేళ్ల ప్రవళికను సాకమని అధికారులు అప్పగించి రెండు నెలలైంది. అప్పటి నుంచి ఆమె గొంతు తగ్గింది. కత్తెర అందుకోవాలన్నా చెయ్యి మెల్లగా చాపుతుంది. "జడ వేయాల్నా బిడ్డా?" అని రోజూ అడుగుతుంది. పిల్ల తల అడ్డంగా ఊపితే దువ్వెన పక్కన పెట్టేస్తుంది.

నిన్న పొద్దున ప్రవళిక చేతిలోంచి పచ్చడి జాడీ జారి పగిలింది. పిల్ల రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని గోడకు అతుక్కుపోయింది. ఈరవ్వ దగ్గరికి పోలేదు. ఉన్నచోటనే కింద కూర్చుంది.

"పెంకు గుచ్చుకున్నదా బిడ్డా?"

"కొట్టవా?" అని అడిగింది పిల్ల.

"కొట్ట. కాలు సూపియ్యి."

ప్రవళిక చాలాసేపు ఆమె చేతుల వంకే చూసింది. తర్వాత పెంకులు దాటుకుంటూ వచ్చి, నెత్తురు కారుతున్న పాదాన్ని ఈరవ్వ ఒడిలో పెట్టింది.