ఉడుము చెయ్యి వదిలిన మధ్యాహ్నం

కంప్యూటర్ ముందు కూర్చోవాలంటే చెప్పులు గుమ్మం బయట విప్పి, కాళ్ళు గోనెపట్టాకి తుడుచుకుని, గొంతు కాస్త తగ్గించుకుని లోపలికి వెళ్ళాల్సిన రోజులవి. కొత్త శతాబ్దం మొదలైన కొత్తల్లో మా అద్దంకిలో ఒక కంప్యూటర్ సెంటర్ వెలిసింది. ఏసీ గది, నల్ల కర్టెన్లు, ప్రతి మానిటర్‌కీ పూల గుడ్డతో కుట్టిన ముసుగు, పొద్దున్నే వెలిగించే అగరొత్తి. కాళ్ళ దుమ్ము లోపలికి వస్తే సిస్టమ్‌కి వైరస్ పడుతుందని అందరం గట్టిగా నమ్మేవాళ్ళం (దుమ్ముకీ వైరస్‌కీ చుట్టరికం లేదని తరవాత తెలిసింది, అప్పటికి చెప్పులు విప్పడం అలవాటైపోయింది). ఆ రోజుల్ని తలుచుకుని ఎవరు నవ్వినా నేనూ కలిసి నవ్వుతాను. ఒక్కచోట మాత్రం నవ్వు సగంలో ఆగిపోతుంది. మా ఊళ్ళో నా ఈడువాళ్ళు నలుగురు కలిస్తే ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. టైపక్క అని మేము పిలిచే అమ్మాయి ఒక గేమ్‌లో ఓడిపోయి అందరి ముందూ ఏడ్చేసిందనీ, నేను నిబ్బరంగా కూర్చుని గెలిచాననీ. ఆ కథ తప్పు. ఎలా తప్పో చెప్పాల్సినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళూ చెప్పకుండా కూర్చున్నవాణ్ణీ నేనే.

ముందు ఆ గేమ్ గురించి చెప్పాలి. సెంటర్ నడిపే ఆయన్ని మేము కంప్యూటర్ సార్ అనేవాళ్ళం. ఆయన గుంటూరు వెళ్ళి తెచ్చిన సీడీల్లో ఒకటి పేరూ ఊరూ లేకుండా వచ్చింది. తెరిస్తే ఏ దేశపు లిపో, మిరపగింజలు చల్లినట్టున్న అక్షరాలు. వాటి వెనక మబ్బుల్లోకి పోయే ఒక రాతి గోపురం. దాని గోడకి వేలాడుతూ ఒక బొమ్మ: గుండ్రటి తల, పొడుగాటి చేతులు, కాళ్ళు ఉన్నాయంటే ఉన్నాయి. అప్పటిదాకా మేము ఆడిన ఆటల్లో ఒక కీ నొక్కితే బొమ్మ పరిగెత్తేది, ఇంకోటి నొక్కితే ఎగిరేది. వీడు పరిగెత్తడు, ఎగరడు. కీబోర్డుకి ఎడమ చివర ఉన్న ఒక కీ వాడి ఎడమ చెయ్యి, కుడి చివర ఉన్న ఒక కీ వాడి కుడి చెయ్యి. కీ నొక్కి ఉంచినంతసేపూ వాడి పిడికిలి గోడకున్న మేకుని పట్టుకుని ఉంటుంది. వేలు ఎత్తితే పిడికిలి విడిపోతుంది. అంతే ఆట. ఒక చెయ్యి వదిలితే రెండో చేతి మీద ఊగుతాడు. ఊపు అందిన చోట ఆ చెయ్యీ వదిలేస్తే గాల్లోకి లేస్తాడు. పై మేకు దగ్గరికి రాగానే సరిగ్గా పిడికిలి బిగించాలి. రవ్వంత ముందు బిగిస్తే ఖాళీ గాలి చేతికొస్తుంది, రవ్వంత ఆలస్యమైతే మేకు గడ్డానికి తగులుతుంది. పడితే ఆగేది గోపురం అడుగునే. మధ్యలో ఎక్కడా ఆపుకుని, రేపొచ్చి అక్కడి నుంచి ఎక్కడం అనేది లేదు. వాడికి ఉడుము అని పేరు పెట్టుకున్నాం. అంతకన్నా సరిపోయే పేరు వాడి సొంత దేశంలోనైనా పెట్టి ఉండరు.

ఆ ఆట ముందు మేమంతా మొదట నవ్వాం, తరవాత తిట్టాం, ఆ తరవాత నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. ఇంతకాలం మేము బొమ్మల్ని తోలాం. ఇక్కడ బొమ్మ చెయ్యి మా చెయ్యే అయిపోయింది. వాడు వేలాడుతుంటే మా భుజాలు లాగేవి. వేలు ఎత్తడానికి లేదు కాబట్టి ముక్కు దురద పెట్టినా, దోమ కుట్టినా, లుంగీ జారినా దిక్కు లేదు.

"ఒరేయ్, ముక్కు గోకరా!"

"ఏ పక్క?"

"ఎడం పక్క... నీ ఎడమ కాదురా సన్నాసీ, నా ఎడమ!"

ఈలోపు ఉడుము అడుగున ఉండేవాడు. కంప్యూటర్ సార్ అయితే రోజూ ఒకసారి ఆడి, రోజూ ఒకసారి పడి, కుర్చీ వెనక్కి జరిపి ఒకటే మాట అనేవారు: "దీన్ని చేసినవాడు దొరికితే ముందు దణ్ణం పెట్టాలిరా. తర్వాత తన్నాలి."

టైపక్క మా వెనక వీధి. నాకన్నా రెండేళ్ళు పెద్ద. వాళ్ళమ్మ చర్చి స్కూల్లో టీచరు. టైపు హయ్యరు మొదటి తరగతిలో పాసైంది కాబట్టి ఆ పేరు. ఇన్‌స్టిట్యూట్‌లో తుప్పుపట్టిన మిషన్ల మీద కొట్టీ కొట్టీ ఆమె వేళ్ళకి గొప్ప నిలకడ వచ్చింది. మేమంతా కీబోర్డు వైపు ఒక కన్ను, స్క్రీన్ వైపు ఒక కన్ను వేసి ఆడితే, ఆమె కీబోర్డు అనేది ఒకటుందని మర్చిపోయి ఆడేది. తనలో తను మెల్లగా అనుకునేది: "ఊగు... ఊగు... వదులు... పట్టు." ఆ మాటకి ఉడుము గాల్లో ఒక మెలిక తిరిగి మేకు అందుకుంటుంటే గదిలో గాలి కూడా ఆగినట్టుండేది. నేను ఆమె కుర్చీ వెనక నిలబడి చూసేవాణ్ణి. మనిషి చేతులు అంత అందంగా పనిచేయగలవని అంతకు ముందు నాకు తెలియదు. మెచ్చుకుంటున్నానని పైకి తెలియనివ్వకుండా "ఏదోలే, లక్కు" అనేవాణ్ణి.

ఇంతలో సార్‌కి వేసవి బ్యాచ్‌లో చిన్నపిల్లలకి నేర్పడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. మా ఇద్దరికీ ఆ కుర్చీ కావాలి. నాకెందుకంటే ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు, కుర్చీ దొరక్కపోతే మా కల్లంలో మిరపకాయల మధ్య కూర్చోవాలి. ఆమెకెందుకంటే, వాళ్ళమ్మ టీచర్ ట్రైనింగ్‌కి అప్లికేషన్ తెచ్చి పెట్టింది. సెంటర్లో కుర్చీ దొరికితే మాత్రం ట్రైనింగ్ మాట ఎత్తననీ, గుంటూరులో కంప్యూటర్ డిగ్రీకి పంపిస్తాననీ మాటిచ్చింది. ఇద్దరిలో ఎవర్ని తీసుకోవాలో సార్‌కి పాలుపోలేదు. పరీక్ష పెడదామంటే పేపరు తయారు చేయడానికి ఆయనకీ అంతగా రాదు (పాపం, ఆయన చదివింది వ్యవసాయం). చివరికి ఉడుము వైపు వేలు చూపించి తేల్చేశారు. "వీణ్ణి ముందు ఎవరు పైకి తీసుకెళ్తే వాళ్ళదే కుర్చీ. ఇక నన్ను అడగొద్దు."

ఆ రోజు మధ్యాహ్నం నేను కల్లం నుంచి తిన్నగా సెంటర్‌కి వచ్చాను. పొద్దుటి నుంచీ తాలుకాయలు ఏరి, మంచి కాయల్ని గోతాల్లో కూరి తొక్కాం. "చేతులు కడుక్కుని తగలడరా!" అని అమ్మ అరుస్తూనే ఉంది, నేను ప్యాంటుకి తుడుచుకుని సైకిలెక్కేశాను. ఆ గేమ్ ఆడగలిగే స్పీడున్న సిస్టమ్ ఒక్కటే. వంతుల ప్రకారం ముందు నేను కూర్చున్నాను, సగం దాకా ఎక్కి పడ్డాను. లేస్తూ నుదుటి చెమట తుడుచుకున్నాను. వేలు కంటి కొసకి తగిలింది. నిప్పు పెట్టినట్టు భగ్గుమంది. అప్పుడు చూశాను, ఆ రెండు కీల మీదా సన్నటి ఎర్రటి పొడి.

టైపక్క అప్పటికే కూర్చుంది. "జరగరా, వెలుతురుకి అడ్డం" అంది. అక్కా, కీలు తుడుచుకో అని చెప్పడానికి నోరు తెరిచాను. మా కల్లం, ఎండ, గోతాలు కళ్ళముందు కదిలాయి. తెరిచిన నోటితో ఆవులించి ఊరుకున్నాను.

ఆ ఆటని ఆ రోజు ఆమె ఆడినట్టు అంతకు ముందు ఎవరూ ఆడలేదు, నేను చూసినంతలో తరవాతా లేదు. ఊగు, వదులు, పట్టు. నేను పడ్డ చోటు దాటింది. ఎవరూ చూడని రాళ్ళు, ఎవరూ చూడని మబ్బులు వచ్చాయి. సెంటర్ అంతా ఆమె వెనక చేరింది. సార్ చేతిలో టీ గ్లాసు చల్లారిపోయింది. గోపురం కొసన ఆఖరి మేకు. దాన్నీ పట్టుకుంది. ఇక ఒక్క ఊపు, పైన చదునైన రాయి. నేను స్క్రీన్ చూడటం మానేసి ఆమె మొహం చూస్తున్నాను, ఎందుకో మీకు తెలుసు. ఆమె ఊగలేదు. ఎంతకీ ఊగలేదు. కళ్ళు పెద్దవయ్యాయి. కుడి చెయ్యి కీ మీద నుంచి లేచి కంటి దగ్గరికి వెళ్ళింది, వెంటనే ఎడమ చెయ్యీ. "అయ్యో!" అని గదంతా ఒక్కసారి అరిచింది. ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఎర్రబడి నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఓడిపోయిందని ఏడుస్తోందిరోయ్!" అన్నారెవరో.

"ఆడపిల్ల కదరా, బెంబేలెత్తిపోయింది."

"నేనేం ఏడవట్లేదు," అంది టైపక్క. "కళ్ళలో ఏదో పడింది."

ఏం పడిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. సార్ ఆమెకి మంచినీళ్ళిచ్చి "పోన్లేమ్మా, గేమే కదా" అన్నారు. గేము కాదని ఆయనకీ తెలుసు. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. మరుసటి వారం నేను గెలిచాను. ఆమె నోటి నుంచి విన్న ఆ నాలుగు మాటలే గొణుక్కుంటూ, ఆమె చూపించిన దారినే పోయి గెలిచాను. పైన చదును రాయి మీద ఉడుము రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని బస్టాండ్ దాకా తిప్పారు. కుర్చీ వచ్చింది. ఆ వేసవంతా పిల్లలకి మౌస్ పట్టుకోవడం నేర్పించి, వాళ్ళు అడిగిన ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేక, స్కూళ్ళు తెరవగానే ఆ కుర్చీలోంచి లేచాను. టైపక్క ట్రైనింగ్‌కి వెళ్ళింది. మిరపకాయల నుంచి తప్పించుకోవడానికి ఇంత చేసిన నేను ఇప్పుడు గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజర్ని. చుట్టూ ఏముంటాయో చెప్పక్కర్లేదు.

మొన్న వేసవిలో పని కల్పించుకుని సింగరాయకొండ వైపు వెళ్ళాను. టైపక్క అక్కడ దగ్గర్లో ఒక స్కూల్లో హెడ్మిస్ట్రెస్. దారిపొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. తీరా వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాక చూసుకుంటే, ఎవరింటికి వెళ్ళినా పట్టుకెళ్ళే అలవాటు కొద్దీ, నా చేతిలో ఎండుమిరపకాయల సంచి ఉంది. క్షమాపణ అడగడానికి అంతకన్నా తగని వస్తువు మా జిల్లాల్లో దొరకదు.

"ఏరా, పొట్టొచ్చిందే!" అంది టైపక్క.

కాఫీ చల్లారేదాకా నసిగి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. కల్లం, కీలు, ఎర్రపొడి, తెరిచి మూసిన నోరు. ఆమె స్పెల్లింగ్ తప్పులు దిద్దే టీచరులా తలొంచుకుని శాంతంగా విన్నది.

"అయితే నా కంట్లో కారం పడి చెయ్యి వదిలేశానంటావు."

"అవునక్కా."

"కారం ఎక్కడుంది?"

"కీల మీద. అంటే, నీ వేళ్ళకి."

"వేళ్ళకున్న కారం కంట్లోకి రావాలంటే ముందు వేలు ఎత్తాలి కదరా! వాడు వేలాడుతున్నదే కుడి చేత్తో, ఆ వేలెత్తానంటే ఉడుము అప్పటికే పడిపోయినట్టే కదా!"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఇరవై ఏళ్ళకి పైగా మోసిన పాపంలో ఇంత పెద్ద కన్నం ఉందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. (ఎంసెట్‌లో ర్యాంకు ఎందుకు రాలేదో అక్కడికక్కడే అర్థమైంది.)

"మరి ఎందుకు ఎత్తావక్కా?"

"ఏడుపొచ్చిందిరా. తుడుచుకుందామని ఎత్తాను. తుడుచుకున్నాక మంట పుట్టింది, అది నిజమే. నీ తృప్తి కోసం అదీ కలుపుకో." ఆమె కిటికీ వైపు తిరిగింది. "ఆఖరి మేకు పట్టుకోగానే స్క్రీన్ మీద దృశ్యమంతా వెనక్కి జరిగింది, గుర్తుందా? గోపురమంతా కనిపించింది, అడుగు నుంచి కొస దాకా. మనం రోజూ పడ్డ రాళ్ళన్నీ. ఇంకా వెనక్కి జరిగింది. పొలాలు, ఏరు, పొద్దు గుంకుతున్న ఆకాశం, దాని నిండా పక్షులు. ఆ మధ్యలో వీడు, చీమంత, ఒక్క చేత్తో వేలాడుతూ. ఇంత దూరం ఎక్కామా అనిపించింది. అట్లాంటిది నేనెప్పుడూ చూళ్ళేదురా. ఊగాలనే గుర్తు రాలేదు."

"మరి కళ్ళలో ఏదో పడిందన్నావు?"

"బొమ్మ చూసి ఏడుపొచ్చిందని అంతమంది మగపిల్లల ముందు చెప్తానట్రా? కుర్చీ పోయినందుకు ఏడ్చాన్లే, అది ఇంటికెళ్ళాక, అమ్మ ముందు." సంచి వైపు చెయ్యి చాపి అంది, "నువ్వు చెప్పకపోవడం మాత్రం తప్పే. ఈ మిరపకాయలకి ఆ తప్పు చెల్లిపోయింది, ఇట్లా ఇవ్వు. సరే, నువ్వూ అక్కడిదాకా వెళ్ళావుగా. నీకేమనిపించింది?"

అబద్ధమాడదామనుకున్నాను. ఒకే విషయంలో రెండుసార్లు నోరు మూసుకోవడం బాగుండదని నిజమే చెప్పాను. ఆఖరి మేకు దగ్గర ఉడుము ఉన్నట్టుండి చిన్నవాడైపోయేసరికి నాకు ఒళ్ళు మండింది. మేకెక్కడుందో కనపడక ముక్కు స్క్రీన్‌కి ఆనించాను. గాజు నిండా నల్లటి నలకలు కదులుతున్నాయి. చేతులెత్తడానికి లేదు కదా, "సార్, దుమ్ము! దుమ్ము పడింది, తుడవండి సార్!" అని అరిచాను. సార్ జేబురుమాలు తీసి ఆకాశమంతా శుభ్రంగా తుడిచారు. ఆ నలకలు పోలేదు.

టైపక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది, ఈసారి దాచుకోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నేనూ నవ్వుకున్నాను. పొద్దు గుంకుతోంది. దూరంగా పక్షులేవో పొగాకు చేల మీదుగా గుంపుగా పోతున్నాయి. ముక్కు అద్దానికి ఆనించకుండా, కాస్త వెనక్కి జరిగి కూర్చుని, అవి కనిపించినంతసేపూ చూశాను.